జోడేఘాట్ తర్వాత పలక పట్టినవాళ్లు



ప్రతి ఏడూ ఆశ్వయుజ పౌర్ణమికి మనం జోడేఘాట్ వెళ్తాం. గుట్ట ఎక్కుతాం, కుమ్రం భీం విగ్రహం ముందు పూజ చేస్తాం, మైకుల్లో ఉపన్యాసాలు వింటాం. 1940లో అక్కడ ఏం జరిగిందో మన ఊళ్లలో ఏడో తరగతి పిల్లలు కూడా చెప్పగలరు. ఆ తర్వాత ఏం జరిగిందని అడిగితే మాత్రం పెద్దవాళ్లం కూడా తడుముకుంటాం. తుపాకుల చప్పుడు ఆగాక ఆ ఊళ్లవాళ్లు ఎట్లా బతికారు? నాయకుడు పోయాడు, భూమి సంగతి తేలలేదు, అడవి గీత అక్కడే ఉంది. పొద్దున లేస్తే పశువులను మళ్లీ అదే అడవికి తోలాలి. ఆ స్థితిలో మన తాతలు, ముత్తాతలు ఏం చేశారు?

వాళ్లలో కొందరు పలక పట్టారు. మీసాలు వచ్చిన వయసులో, పెళ్లిళ్లయిన వయసులో, పిల్లల్లా కూర్చుని అక్షరాలు దిద్దారు. దిద్దినవాళ్లు తమ ఊళ్లకు తిరిగి వచ్చి ఇంకొందరికి నేర్పారు. వాళ్లకు విగ్రహాలు లేవు. చాలామంది పేర్లు వాళ్ల సొంత ఊళ్లో కూడా మరుగున పడుతున్నాయి. ఈ సంచికలో వాళ్ల గురించి రాయాలని మేం అనుకున్నాం. చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువమంది హాస్టళ్లలో, కాలేజీల్లో, ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లే కనుక ఈ కథ మీకు దగ్గరగానే ఉంటుంది.

ముందు ఆ రోజుల్లో మనవాళ్లను ముంచిన సంగతేమిటో చూద్దాం. జల్, జంగల్, జమీన్ అని నినాదం ఇస్తాం గాని, జమీన్ ఎట్లా పోయిందో వివరంగా చెప్పుకోం.

మన పెద్దల దృష్టిలో భూమి అంటే దున్నుకునే చోటు. కొన్నేళ్లు ఒకచోట సాగుచేసి, నేల సత్తువ తగ్గితే పక్కకు జరిగి, మళ్లీ కొన్నాళ్లకు అక్కడికే వచ్చేవారు. పేన్ ఎక్కడ ఉంటే ఊరు అక్కడ. కాగితంతో పని లేదు. నిజాం సర్కారు లెక్కలో మాత్రం కాగితం లేనిదే భూమి లేదు. పట్టా లేకుండా సాగుచేసే భూమిని ‘శివాయి జమాబందీ’ అని రాసుకుని దానికీ శిస్తు వసూలు చేసేవారు. శిస్తు కడుతున్నాం కదా, భూమి మనదే కదా అని మనవాళ్లు నమ్మారు. ఆ నమ్మకమే కొంప ముంచింది. బయటి నుంచి వచ్చిన ఆసామి తాలూకా కచేరీకి పోయి, అదే భూమికి తన పేర పట్టా చేయించుకుని వచ్చేవాడు. మూడు తరాలుగా దున్నినవాడు ఒక్క రోజులో పరాయివాడయ్యేవాడు. పట్టాదారు దగ్గరే పాలేరుగా కుదురుకున్నవాళ్లు ఎందరో.

రెండోవైపు అడవి శాఖ. రిజర్వు అడవి అని హద్దులు గీశారు. గీత లోపల పడిన ఊళ్లు ఖాళీ చేయాలన్నారు. పశువులు మేపితే బంబ్రం కట్టాలి. కట్టెకు, నాగలికి, గుడిసె గుంజకు చౌకీదారు చేతిలో మామూలు పెట్టాలి. ఇంత జరుగుతున్నా ఎవరికి చెప్పుకోవాలో, ఏ మాటల్లో చెప్పుకోవాలో తెలియదు. సర్కారు హుకుం ఉర్దూలో ఉండేది. పట్వారీ బస్తాలోని కాగితాలు మరాఠీలో ఉండేవి. మన మాట గోండి. ఈ మూడింటి మధ్య నిలబడి దుబాసీ పని చేసేవాడు తరచుగా మన భూమి మీద కన్నేసినవాడే.

భీం పరారీలో తిరిగిన రోజుల్లో చదవడం, రాయడం నేర్చుకున్నాడని మన పెద్దలు చెబుతారు. తుడుం మోగించి జనాన్ని కూడగట్టిన మనిషి అంతకుముందే అక్షరం వెంట పడ్డాడన్న సంగతి మనం ఎందుకో తక్కువగా తలుచుకుంటాం. ఆయన చేతిలో తుపాకీ ఉన్న బొమ్మే గోడల మీద కనిపిస్తుంది. ఆ బొమ్మ తప్పు కాదు. పక్కన కాగితం, కలం కూడా ఉంటే బాగుండేదని మాకు అనిపిస్తుంది.

జోడేఘాట్ తర్వాత నిజాం సర్కారుకు ఒక భయం పట్టుకుంది. ఎప్పుడూ తలవంచుకుని పోయే గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనుకుంది. ఆ పని ఆస్ట్రియా దేశస్తుడైన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన కథ కూడా విచిత్రమే. 1909లో వియన్నాలో పుట్టాడు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి మన దేశంలో ఉన్నాడు. ఆస్ట్రియాను హిట్లర్ అప్పటికే జర్మనీలో కలిపేసుకున్నాడు కనుక ఆయన దగ్గర ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశస్తుడు. హైదరాబాద్ సంస్థానం దాటి పోరాదని కట్టడి చేశారు. అట్లా తన ఊరికి తాను పోలేని మనిషి, తమ ఊళ్లలో తాము ఉండలేని మన మనుషుల మధ్యకు వచ్చాడు. ముందు నల్లమలలో చెంచుల దగ్గర, తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గర పనిచేసి, ఆదిలాబాద్ చేరాడు. ఇప్పటి జైనూర్ మండలంలోని మార్లవాయిలో భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి కాపురం పెట్టాడు.

ఆయన గురించి మన సభల్లో చాలా చెబుతారు. దేవుడిలా వచ్చి మనల్ని ఉద్ధరించాడన్నట్టు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ఆయన మేలు మరవకూడదు, మరవలేదు కూడా. కాని ఆ కథను అట్లా చెబితే మనవాళ్లు చేసిన పని కనపడకుండా పోతుంది. హైమన్‌డార్ఫ్ బడి పెట్టించగలడు. ఆ బడిలో కూర్చోవాల్సింది ఎవరు? చెలక పని వదిలి, ఇంటి తిండి వదిలి, అంతకుముందు మన ఇంటావంటా లేని చదువు మీద నమ్మకం పెట్టుకోవాల్సింది ఎవరు?

1943లో మార్లవాయిలో శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు పిల్లలకు గోండులే పంతుళ్లు కావాలన్నది దాని ఉద్దేశం. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. పంతుళ్లు కావాలంటే చదువుకున్నవాళ్లు కావాలి. చదువుకున్నవాళ్లు కావాలంటే పంతుళ్లు కావాలి. విత్తనానికి కూడా గింజ లేని పరిస్థితి. అటు చాందా వైపు, ఇటు యవత్‌మాల్ వైపు రాకపోకల వల్ల మరాఠీ అక్షరాలు కాస్త కూడబలుక్కుని చదవగలిగే యువకులు కొద్దిమంది మాత్రం దొరికారు. వాళ్లతోనే మొదలుపెట్టారు. వాళ్లకు తెలిసిన అక్షరాలు దేవనాగరివి కనుక గోండి వాచకాలను కూడా దేవనాగరిలోనే తయారు చేశారు. మన మాట బడి పుస్తకంలోకి ఎక్కింది అప్పుడే.

ఆ మాట విలువ ఎంతో మీలో చాలామందికి తెలుసు. ఒకటో తరగతిలో కూర్చుని పంతులు చెప్పే భాష అర్థం కాక బిక్కమొహం వేసుకున్న పిల్లలు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. 1943లో మార్లవాయి బడికి వచ్చినవాళ్లకు పుస్తకం తెరిస్తే తమ ఇంటి మాట కనిపించింది. ముందు గోండిలో చదవడం, రాయడం పట్టుబడితే, తర్వాత మరాఠీకి, ఉర్దూకు పోవచ్చన్నది పద్ధతి. తల్లిభాషలో మొదలుపెట్టాలని ఇవాళ పెద్ద పెద్ద విద్యా విధానాలు చెబుతున్నాయి. మన గుట్టల్లో అది 80 ఏళ్ల కిందటే చేసి చూపించారు.

ఈ పనిలో గుర్తుంచుకోవాల్సిన ఇంకో అధికారి సేతుమాధవరావు పగడీ. గిరిజన ప్రత్యేకాధికారిగా మన జిల్లాలో పనిచేశారు. దుబాసీ మీద ఆధారపడటం ఆయనకు నచ్చలేదు. తానే గోండి నేర్చుకుని, గోండి వ్యాకరణం రాశారు. తర్వాతి రోజుల్లో మరాఠా చరిత్రకారుడిగా దేశమంతటా పేరు తెచ్చుకున్నారు గాని, మనకు మాత్రం మన భాషలో మన గోడు విన్న అధికారిగానే గుర్తు. అర్జీదారు మాట్లాడే భాషను అధికారే నేర్చుకోవడం అప్పుడే కాదు, ఇప్పుడూ అరుదే.

శిక్షణ పొందినవాళ్లు ఊళ్లకు వెళ్లారు. పంతులు అనగానే మీకు బ్లాక్‌బోర్డు, గంట, హాజరు పట్టీ గుర్తొస్తాయేమో. ఆనాటి గోండు పంతులు పని బడి గంట కొట్టడంతో అయిపోయేది కాదు. ఊళ్లో చదవను, రాయను వచ్చింది ఆయన ఒక్కడికే. సర్కారు కాగితం ఏది వచ్చినా ఆయన దగ్గరికే వచ్చేది. శిస్తు రసీదులో అంకె ఎంతుందో ఆయనే చదివి చెప్పాలి. ఇచ్చిన డబ్బు ఒకటి, రసీదులో రాసింది ఇంకొకటి ఉంటే పట్టుకోవాల్సింది ఆయనే. భూమి కోసం అర్జీ పెట్టుకోవాలంటే రాసేది ఆయనే. అప్పటిదాకా ఈ పని బయటివాళ్ల చేతిలో ఉండేది. అర్జీలో తాము చెప్పిందే రాశారో, ఇంకేమైనా రాశారో వేలిముద్ర వేసేవాడికి తెలిసేది కాదు. తమ మనిషి, తమ సగా వరసవాడు, తమ భాషలో అడిగి, తమ ముందే రాసి, మళ్లీ చదివి వినిపించడం మొదలయ్యాక సంగతి మారింది. దీన్ని చిన్న మార్పుగా తీసుకోవద్దు.

ఎందుకంటే సరిగ్గా అదే సమయంలో భూమి పట్టాల పని నడుస్తోంది. హైమన్‌డార్ఫ్ నివేదికల తర్వాత నిజాం సర్కారు ఆదివాసులకు లావణి పట్టాలు ఇవ్వడానికి ఒప్పుకుంది. 1940ల్లో మన జిల్లాలో ఆదివాసుల పేర లక్షకు పైగా ఎకరాలకు పట్టాలు వచ్చాయి. మన ఇళ్లలో ‘లావణి పట్టా’ అనే మాట ఇప్పటికీ వినిపిస్తుందంటే దాని మూలం అక్కడే ఉంది. హుకుం పైనుంచి వచ్చిన మాట నిజమే. కాని ఏ ఊళ్లో ఎవరు ఎంత దున్నుతున్నారు, ఎవరి చెలక ఎక్కడిదాకా, ఎవరి పేరు తప్పిపోయింది అన్నది ఊళ్లోనే తేలాలి. పేరు సరిగ్గా రాయకపోతే భూమి లేనట్టే. మడావి జంగును మడావి లింగు అని రాస్తే ఇద్దరు అన్నదమ్ములు జీవితాంతం కచేరీల చుట్టూ తిరగాలి. అక్షరం వచ్చిన మనిషి ఒకడు ఊళ్లో ఉండటానికి, లేకపోవడానికి తేడా అక్కడ తెలిసేది.

కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు పెట్టడం కూడా ఆ 1940ల్లోనే మొదలైంది. మెస్రం వంశం వాళ్లు గోదావరి జలం మోసుకొచ్చి పూజ చేసే జాతరకు అధికారులను రప్పించి, జనం తమ కష్టాలు వాళ్ల ముందే చెప్పుకునే ఏర్పాటు అది. జోడేఘాట్‌లో తుపాకులతో వచ్చిన సర్కారు, కేస్లాపూర్‌లో కుర్చీ వేసుకుని అర్జీలు తీసుకుంది. దర్బారులో ఇచ్చిన హామీలు ఎన్ని నెరవేరాయన్నది వేరే లెక్క. ఏటా అక్కడికి పోయే మనందరికీ ఆ లెక్క తెలుసు!

మార్లవాయిలో చదివినవాళ్లు అందరూ పంతుళ్లే కాలేదు. కొందరు పట్వారీలయ్యారు, కొందరు గుమాస్తాలయ్యారు, కొందరు అడవి శాఖలో చిన్న కొలువుల్లో చేరారు. అడవి శాఖ అంటేనే వణికిన ఊళ్ల నుంచి ఆ శాఖలోకే మన మనుషులు పోవడం విని కొందరు పెద్దలు ముఖం చిట్లించుకుని ఉంటారు. ఉద్యోగం వచ్చాక ఊరిని మరిచినవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు, ఇప్పుడూ ఉన్నారు. మేం ఆ తరాన్ని దేవతల్ని చేయడం లేదు. ఆ మొదటి వరసలో కూర్చున్నది దాదాపు అందరూ మగవాళ్లేనన్నది కూడా చెప్పుకోవాలి. మన ఆడపిల్లలు బడి ముఖం చూడటానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

తర్వాత కాలం తిరిగింది. 1948లో నిజాం పాలన పోయింది. ఉర్దూ కచేరీ భాష కాకుండా పోయింది. 1956లో భాషల ప్రకారం రాష్ట్రాలను విడదీశారు. ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. మన బంధువుల ఊళ్లు కొన్ని వాగుకు అటువైపు మరాఠీ రాష్ట్రంలో ఉండిపోయాయి. మన బళ్లలో తెలుగు వచ్చింది. దేవనాగరిలో అచ్చయిన గోండి వాచకాలు మూలన పడ్డాయి. గోండులకు గోండు పంతులు అన్న పద్ధతి కూడా క్రమంగా సడలిపోయింది. గోండి ఒక్క ముక్క రానివాళ్లు పంతుళ్లుగా రావడం మామూలైంది.

ఒక్క ఇంటిని ఊహించుకోండి. తాత దేవనాగరిలో చదివాడు, ఉర్దూలో సంతకం నేర్చుకున్నాడు. తండ్రి తెలుగు మీడియం. మనవడు ఇంగ్లీషు మీడియం గురుకులం. తాత రాసిన కాగితాన్ని మనవడు చదవలేడు. తాతకు, మనవడికి మధ్య భాష ఒక్కటే ఉన్నా అక్షరం ఒక్కటి కాదు. మూడు తరాల్లో మూడు లిపులు మారిన కుటుంబాలు ఈ దేశంలో ఎన్ని ఉంటాయి? అయినా ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాం. మనవాళ్లు చదువులో వెనకబడ్డారని తేలిగ్గా అనేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

భూమి సంగతీ అంతే. 1940ల్లో వచ్చిన పట్టా భూముల్లో చాలావరకు అప్పుల కింద, అబద్ధపు కాగితాల కింద మళ్లీ చేజారాయి. ఆదివాసీ భూమిని బయటివాళ్లకు బదలాయించరాదన్న 1959 నాటి చట్టం, దాన్ని గట్టిపరిచిన 1970 నాటి సవరణ, అంటే మనం 1/70 అని పిలుచుకునేది, ఉండగానే అది జరిగింది. హైమన్‌డార్ఫ్ 1970ల చివర్లో మళ్లీ వచ్చి చూసి బాధపడి, దానిపై పుస్తకమే రాశాడు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో నేల తడిసింది కూడా భూమి కోసమే. ఆ చరిత్ర మీద ప్రతి ఏటా వ్యాసాలు వస్తున్నాయి కనుక ఇక్కడ ఆగుతున్నాం.

ఇప్పుడు అక్షరం కథకు ఇంకో కొస ఉంది. అది నార్నూర్ మండలం గుంజాలలో దొరికింది.

మార్లవాయిలో గోండిని దేవనాగరిలో రాయాల్సి వచ్చింది కదా. గోండికి సొంత లిపి లేదనే అందరూ అనుకున్నారు. బయటి పండితులే కాదు, మనలోనూ చాలామంది అదే అనుకున్నారు. కాని మార్లవాయికి ఎంతో దూరం కూడా లేని గుంజాలలో కొన్ని ఇళ్లలో చేతిరాత పుస్తకాలు ఉన్నాయి. వాటిలో ఉన్నది తెలుగు కాదు, దేవనాగరి కాదు, ఉర్దూ కాదు. మన సొంత లిపి. వాటిలో పాతవి 1750 ప్రాంతం నాటివని పరిశోధకుల అంచనా. ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వాటిని వెలుగులోకి తెచ్చింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని దళిత ఆదివాసీ అధ్యయన, అనువాద కేంద్రం వాటి మీద పనిచేసింది. అప్పటికి ఊళ్లో ఆ అక్షరాలను చదవగలిగిన పెద్దలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. ఇంకో పదిహేనేళ్లు ఆలస్యమైతే కాగితాలు ఉండేవేమో గాని, చదివేవాళ్లు ఉండేవారు కాదు.

ఈ లిపిలో ఒక ముచ్చట ఉంది. మన బడిలో అక్షరాలు క, ఖ, గ, ఘ అని మొదలవుతాయి. తెలుగులో అంతే, మరాఠీలో అంతే, హిందీలోనూ అంతే. గుంజాల లిపిలో హల్లులు య, వ, బ, భ, మ అని మొదలవుతాయి. క ఆ తర్వాత వస్తుంది. పక్క భాష నుంచి తెచ్చుకున్న లిపి అయితే వరస కూడా ఆ భాషదే వచ్చేది. ఎవరో మన పూర్వీకుడు తనదైన లెక్కతో కూర్చాడు. ఎందుకు ‘య’తో మొదలుపెట్టాడన్నది మీలో భాషాశాస్త్రం చదివేవాళ్లు తేల్చాల్సిన విషయం.

ఆ పుస్తకాలను కాపాడింది రాజులు కాదు, గ్రంథాలయాలు కాదు. రెండు ఎకరాల జొన్న, కొంత పత్తి, నాలుగు పశువులు ఉన్న ఇళ్లవాళ్లు. వానకాలంలో కప్పు కారుతుంటే మూట కట్టి పైకెత్తి పెట్టినవాళ్లు. దానివల్ల వాళ్లకు పైసా రాలేదు. చదువు వచ్చని ఉద్యోగమూ రాలేదు. ఆ అక్షరాలు వచ్చినవాణ్ని సర్కారు లెక్కల్లో నిరక్షరాస్యుడనే రాసుకుని ఉంటారు! అయినా తండ్రి కొడుక్కి నేర్పాడు, కొడుకు తన కొడుక్కి నేర్పాడు. జోడేఘాట్ రోజుల్లో, నిజాం పోయిన రోజుల్లో, ఇంద్రవెల్లి రోజుల్లో కూడా ఆ మూట ఆ ఇళ్లలోనే ఉంది.

తర్వాత సంగతులు మీకు కొంత తెలుసు. వాచకాలు వచ్చాయి, ఊళ్లో లిపి నేర్పడం మొదలైంది. మన యువకులు కొందరు పెద్దల దగ్గర నేర్చుకుని, మిగతా ఊళ్ల పిల్లలకు నేర్పారు. 2018లో యూనికోడ్ 11వ వెర్షన్‌లో గుంజాల గోండికి చోటు దొరికింది. అంతకు ఒక ఏడాది ముందు, బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగళ్‌సింగ్ మసరాం 1918లో రూపొందించిన ఇంకో గోండి లిపికి కూడా చోటు దొరికింది. అంటే ఇవాళ మీ ఫోనులో, కంప్యూటరులో మన అక్షరాలకు రెండు స్థానాలున్నాయి. ఏ లిపి వాడాలన్న మీద మనలో వాదనలు ఉన్నాయి. ఆరు రాష్ట్రాల్లో చెదిరి ఉన్న జాతికి అవి తప్పవు. లిపి ఏదైనా గోండిలో రోజూ నాలుగు వాక్యాలు రాసేవాళ్లు ఎంతమంది ఉన్నారన్నదే మాకు ముఖ్యంగా తోస్తుంది. 2011 జనాభా లెక్కల్లో గోండి తమ మాతృభాష అని చెప్పినవాళ్లు సుమారు 30 లక్షలు. బోడో చెప్పినవాళ్లు సుమారు 15 లక్షలు. బోడో 2003లోనే సంథాలీతో పాటు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చేరింది. గోండి ఇంకా చేరలేదు.

మళ్లీ మార్లవాయికే వద్దాం. ఆ ఊరు అక్షరాలకు ఒక్కదానికే కాదు, ఇంకో రకం చదువుకూ బడి అయింది. గుస్సాడి కనకరాజు గారిది ఆ ఊరే. దండారి రోజుల్లో నెమలి పింఛాల మల్‌బూర తలకెత్తుకుని ఆయన అడుగు వేస్తే చూసినవాళ్లు మరవలేరు. ఊరి ఆశ్రమ పాఠశాలలో రోజు కూలి మీద పనిచేస్తూ బతికిన మనిషి. ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా మన ఆటను తీసుకుపోయినా తిరిగి అదే ఊరికి, అదే పనికి వచ్చారు. దశాబ్దాలపాటు ఎందరో యువకులకు గుస్సాడి నేర్పారు. గుస్సాడి అంటే ఒట్టి ఆట కాదని మీకు తెలుసు. ఏత్మాసుర్ పేన్ నియమాలున్నాయి, స్నానం దగ్గర్నుంచి అన్నింటికీ కట్టుబాట్లున్నాయి, ఒక ఊరి దండారి ఇంకో ఊరికి అతిథిగా పోవడం ఉంది, అక్కడ కలిసే సగా బంధుత్వాలు ఉన్నాయి. ఇవేవీ పుస్తకంలో ఉండవు. పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. 2021లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. 2024 అక్టోబరులో, దీపావళికి కొద్ది రోజుల ముందు, దండారి కాలంలోనే ఆయన మనల్ని విడిచిపోయారు. ఆ ఏడు కూడా ఆయన నేర్పినవాళ్లు మల్‌బూర ఎత్తుకున్నారు.

ఇదే వరసలో ఇప్పటివాళ్లూ ఉన్నారు. ఆదిలాబాద్ ప్రభుత్వ బడి ఉపాధ్యాయుడు తొడసం కైలాస్ కృత్రిమ మేధ సాధనాలతో కొలామీలో పాట కట్టిన సంగతి 2025లో ప్రధానమంత్రి రేడియో ప్రసంగం దాకా వెళ్లింది. కొలాములు మన పక్కనే ఉండి మనకన్నా తక్కువ సంఖ్యలో, మనకన్నా ఎక్కువ కష్టాల్లో ఉన్నవాళ్లు. ఒక పంతులు సొంత భాషతో ఆగకుండా పక్కవాళ్ల భాషను కూడా పట్టించుకోవడం మాకు ఎక్కువ నచ్చింది.

మార్లవాయిలో బెట్టీ ఎలిజబెత్ సమాధి ఉంది. 1987 జనవరి 11న ఆమె హైదరాబాద్‌లో కన్నుమూస్తే, మార్లవాయికి తీసుకొచ్చి మన ఆచారం ప్రకారమే సాగనంపారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పోయారు. ఆయన చితాభస్మాన్ని తర్వాత వాళ్ల అబ్బాయి తెచ్చి తల్లి పక్కనే ఉంచారు. ప్రతి జనవరి 11న అక్కడ మన జనం కూడుతారు. ఆ రోజు అక్కడికి పోయినప్పుడు మాకొక లోటు కనిపిస్తుంది. బడి పెట్టించినవాళ్ల పేర్లు రాయి మీద ఉన్నాయి. బడిలో కూర్చున్నవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

అందుకని వచ్చే ఏడాది సంచికకు మన సంఘం ఒక పని తలపెట్టింది. 1940లు, 50ల్లో మార్లవాయిలో గాని, ఆ తర్వాత వెలసిన గోండి బళ్లలో గాని చదివినవాళ్లు, చదువు చెప్పినవాళ్లు మీ ఇంటి పేరులో, మీ ఊళ్లో ఎవరైనా ఉన్నారేమో అడగండి. పేరు, పాడి, ఊరు, ఏ ఊళ్లో పంతులుగా చేశారు, ఎవరికి ఏం రాసిపెట్టారు, ఇట్లాంటివి ఎంత చిన్న సంగతైనా రాసుకోండి. తాతమ్మలను ప్రత్యేకంగా అడగండి. బడికి పోయింది తాతే కావచ్చు, ఆ రోజుల్లో చెలక దున్నింది ఎవరో వాళ్లకే తెలుసు. ఇంట్లో సందూకులో పాత కాగితాలు ఉంటే, దేవనాగరి అయినా, ఉర్దూ అయినా, ఏ అక్షరమో తెలియకపోయినా పారేయకండి. లామినేషన్ చేయించకండి, దాంతో పాత కాగితం పాడవుతుంది. జిగురు టేపు కూడా అంటించకండి. ఎండ తగలని వెలుతురులో నేల మీద పరిచి, పైనుంచి ఫోనుతో రెండు వైపులా ఫోటో తీసి పంపండి. కాగితం మాత్రం మీ ఇంట్లోనే, పొడి గుడ్డలో చుట్టి, ఎలుకలకు అందని చోట ఉంచండి.